మోటారు సైకిలు మీద జొన్నరొట్టె

నిజాం జమానాలో వనపర్తి నుంచి కొల్లాపూర్ పోతుంటే, నా మోటారు సైకిలు ఇంజను దారిలోనే పొయ్యిలా కాగిపోయింది. కాలు చురుక్కుమనేసరికి దిగేశాను. అది చల్లారేదాకా కదలదు. నేనేమో పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

చేనులో కలుపు తీస్తున్న ముసలమ్మ వచ్చి ఇంజను దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

"గింత సెగ ఊకెనే పోతుంది గద బిడ్డా," అంటూ మోదుగాకులో చుట్టిన జొన్నరొట్టెను దానిమీద పెట్టింది. వేడెక్కాక ఒక ముక్క తుంచింది. నేను చెయ్యి చాపాను.

"జర ఆగు. ఎవల పొయ్యి మీద కాల్చుకుంటె మొదటి ముక్క వాళ్లకే పెట్టాలె."

"పొయ్యి నాదే కదా అవ్వా."

"కాగింది నువ్వా, అదా?"

ఆ ముక్కను బండి సీటు మీద పెట్టి, రెండోది నాకిచ్చింది. ఆమె మళ్లీ కలుపులోకి వంగగానే, బండి వాటా కూడా నేనే తినేశాను.