లినక్సుకి దిష్టి తీసిన రోజు

ఒక ఆడపిల్ల శుభలేఖలు నా వల్ల అచ్చుకెక్కకుండా ఆగిపోబోయాయి. ఆగిపోయి ఉంటే గూడూరులో మళ్ళీ అడుగుపెట్టే మొహం నాకుండేది కాదు. అంత ఘనకార్యాన్నీ నేను ఒక్క వేలితో చేశాను. ఏం చేశానో చెబుతాను, తొందరపడకండి. మా ఇంట్లో పాలు కూడా సన్నని సెగ మీదే కాగుతాయి. గ్యాసు ఊరికే రాదు.

మాది బందరు. నేను మూడో తరగతితో బడి మానేశాను. మా కోడలు సుజాత మాత్రం ఇంట్లో కూర్చుని కంప్యూటరులో శుభలేఖలు తయారుచేసి ప్రెస్సుకి పంపిస్తుంది. ఆ కంప్యూటరు మా అబ్బాయి మోహన్ వాళ్ళ ఆఫీసులో వద్దని పారేసింది. నత్తకి జ్వరమొచ్చినట్టు నడిచేది. కొత్తది కొందామని వాడన్నాడు. "దానికేం రోగం? కూర్చున్నచోట కూర్చునేదానికి పరుగెందుకు?" అన్నాను నేను. చివరికి సుజాత వాళ్ళ అన్నయ్య రాజు వచ్చాడు. గుడివాడలో పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెబుతాడు. పాతదంతా తుడిచేసి అందులో లినక్సు అనే వేరే సాఫ్టువేరు పెట్టాడు. కంప్యూటరు లేడిపిల్లయింది.

"దీనికెంతయ్యా?" అన్నాను.

"ఊరికేనండి అత్తయ్యగారూ. ఎవరైనా వాడుకోవచ్చు."

ఆ రోజు అతని విస్తట్లో నెయ్యి రెండోసారి వేశాను. మా ఇంట్లో అంతకు మించిన సన్మానం లేదు. ఆ తర్వాత మా వీధిలో నా నోట లినక్సు మాట విననివాళ్ళు లేరు. పాలబ్బాయికి కూడా చెప్పాను.

ఇక ఆ రోజు సంగతి. ఆయుధపూజ. పొద్దున్నే కత్తిపీట, కుట్టుమిషను, మిక్సీ, మోహన్ స్కూటరు అన్నీ తుడిచి వరసగా బొట్లు పెట్టుకుంటూ వస్తున్నాను.

"అత్తయ్యా, కంప్యూటరు మీద నీళ్ళు చల్లకండి. తెరకి పసుపు రాయకండి," అంది సుజాత వంటింట్లోంచి.

"నాకా మాత్రం తెలీదూ? అంచుకి చిన్న బొట్టు పెడతాను. సరేనా?"

"సరే."

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. తెరని ముట్టుకోలేదు.

మధ్యాహ్నం మా పక్కనే ఉన్న గూడూరు నుంచి సుబ్బారావుగారు వచ్చారు. శుభలేఖ ఆయన కూతురిదే. అందులో పెళ్ళికొడుకు తాతగారి పేరు పడలేదట. ఆ పెద్దాయన అలిగి, తన పేరు లేని పెళ్ళికి తాను రానని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడట. ప్రెస్సువాడేమో దీపాలు పెట్టేలోగా పంపితే అచ్చు వేస్తాను, లేదా పండగయ్యాకే అన్నాడు. పండగయ్యాక వేస్తే పంచడానికి వేళ ఉండదు.

"ఒక్క పేరేగా బాబాయిగారూ, కాఫీ తాగేలోగా అయిపోతుంది," అని సుజాత కూర్చుంది.

కాఫీ అయిపోయింది. తెర మీద బాణం గుర్తు మాత్రం మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. మౌసు ఎటు జరిపినా కదలదు. సుజాత రాజుకి ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టింది.

"మౌసు కింద లైటు వెలుగుతోందా?" అన్నాడు రాజు.

సుజాత మెడ వంచి చూసింది. బల్ల మీద ఎర్రటి వెలుగు కనిపిస్తోంది. "వెలుగుతోందన్నయ్యా."

"అయితే మౌసు మంచిదే. సెట్టింగుల్లో ఏదో తేడా. కీబోర్డుతోనే లోపలికి వెళ్దాం."

"పోనీ కొత్త మౌసు పట్టుకొస్తా," అని మోహన్ చెప్పులేసుకోబోయాడు.

"ఆగరా! మౌసు మంచిదని గుడివాడ నుంచి చెబుతుంటే డబ్బు పారేస్తానంటావేం?" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు నేనే గోతిలో దిగి పైన మట్టి కూడా కప్పుకున్నది ఇక్కడే.

సుజాత మీటలు నొక్కుకుంటూ వెళ్ళింది. ఎక్కడ ఏది తగిలిందో, తెర మొత్తం పక్కకి ఒరిగిపోయింది. అక్షరాలన్నీ గోడెక్కిన బల్లుల్లా నిలువునా నిలబడ్డాయి.

"అన్నయ్యా, తెర తిరిగిపోయింది! ఇలాగే ఉంచనా అని కంప్యూటరు అడిగితే కంగారులో ఊఁ అని నొక్కేశాను."

నలుగురం తలలు పక్కకి వాల్చి చూస్తున్నాం. "నాకసలే మెడనొప్పమ్మా," అన్నారు సుబ్బారావుగారు.

"తెర తిరిగితే పెట్టెని తిప్పండి. ఈ మాత్రానికి చదువులెందుకు?" అని నేనే దిండు తెచ్చి, మోహన్ చేత ఆ తెరని దాని మీద పక్కవాటుగా పడుకోబెట్టించాను. అక్షరాలు చక్కగా నిలబడ్డాయి. నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఇక రాజు ఊరుకుంటాడా? "సాఫ్టువేరులో ఒక ముక్క తీసేసి మళ్ళీ పెడదాం," అన్నాడు. సుజాత అతను చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది. ఆ ముక్క పోతూ పోతూ తెలుగు అక్షరాలను కూడా వెంటపెట్టుకుపోయింది. శుభలేఖ నిండా ఖాళీ గళ్ళు మిగిలాయి.

సుబ్బారావుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మా అమ్మాయి పేరేదమ్మా?"

"ఈ గళ్ళు బాబాయిగారూ."

"పెళ్ళికొడుకో?"

"ఆ పక్క గళ్ళు."

"మరి తాతగారు?"

"ఆయన గళ్ళు ఇంకా పెట్టలేదండి."

ఆయన కిటికీలోంచి ఎండ ఎంతవరకు దిగిందో చూసుకున్నారు. ఆ చూపు నాకు గుచ్చుకుంది. అంతలో మోహన్ అందుకున్నాడు. "ఊరికే వచ్చినదానితో ఇంతేనమ్మా. రేపెలాగూ దసరా. వాయిదాల మీద కొత్తది తెచ్చేస్తా."

వాయిదాలు! వడ్డీ ఎవరు కడతారు? నా లినక్సుకి ఇంత అప్రతిష్ట ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తే తట్టింది. వీధి వీధంతా చెప్పుకున్నాను కదా, దిష్టి తగలదూ! గబగబా ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చాను. తెర చుట్టూ తిప్పుదామంటే అది దిండు మీద రోగిలా పడుకుని ఉంది. పోనీ, కదలనన్నది మౌసేగా అని దాన్నే ఎడమచేతిలోకి తీసుకున్నాను. నా చేతిలో అది వెల్లకిలా పడింది.

పొట్ట మీద గుండ్రంగా పసుపు. నడుమ దిట్టంగా కుంకుమ. ఆ కుంకుమ అంచుల్లోంచి ఎర్రటి వెలుగు.

బొట్టు నాదే. పొద్దున ఈ మౌసుకి నుదురెక్కడా అని అటూ ఇటూ తిప్పి చూస్తే, అడుగున ఎర్రగా మెరుస్తూ కనిపించింది. ఇదేనన్నమాట నుదురు అనుకుని, మిగతావాటికంటే ప్రేమగా, తడి పసుపుతో పెట్టాను. తీరా అది మౌసు దారి చూసుకునే కన్నట!

గోడవైపు తిరిగాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని గట్టిగా అంటూనే, పక్కనున్న చెంబులో కొంగు తడిపి ఆ కన్ను శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టాను. సుజాత చెయ్యి వేయగానే బాణం చెంగున గెంతింది.

"అన్నయ్యా, కదిలింది! అత్తయ్య దిష్టి తీశారు!"

"ఏ కమాండు కొట్టారండి అత్తయ్యగారూ?" అన్నాడు రాజు మెల్లగా.

ఆ తర్వాత రాజు చెప్పినట్టు సుజాత సరిచేస్తే తెర నిటారుగా లేచింది. అక్షరాలు తిరిగొచ్చాయి. తాతగారి పేరు అందరికంటే పైన, కాస్త లావుగా పడింది. దీపాలు పెట్టే వేళకి శుభలేఖ ప్రెస్సుకి చేరింది. సుబ్బారావుగారు నాకు చేతులెత్తి దణ్ణం పెడితే, "పెద్దవాళ్ళ పద్ధతుల్ని తీసిపారేయకూడదు నాయనా," అన్నాను. ఆ అనడం కూడా ఎంత గంభీరంగా అన్నానో!

మళ్ళీ ఏడాది ఆయుధపూజకి సుజాత మౌసుని అరచేతిలో పెట్టుకుని నా ముందుకొచ్చింది. దాని వీపు చూపించి, "అత్తయ్యా, నుదురు ఇటు," అంది.

నేను కుంకుమభరిణె మూత పెట్టేశాను. "నీకెప్పుడు తెలిసిందే?"

"ఆ రోజు మీ చీర నేనే కదా నానబెట్టాను. ఉప్పూ మిరపకాయలకి కొంగంతా పసుపవుతుందా?"

"మరి చెప్పలేదేం?"

"సుబ్బారావు బాబాయిగారు మీ దిష్టి సంగతి గూడూరంతా చెప్పారు. మనింట్లో చేయించిన శుభలేఖకి విఘ్నం రాదని ఎంతమంది వచ్చారో మీకు తెలుసుగా. ఎందుకు చెడగొట్టుకుంటానత్తయ్యా?"

కడుపు నిండింది. ఇల్లు ఎవరి చేతిలో పెట్టాలో ఇక నాకు బెంగ లేదు.

కనుక ఆ భరిణె సాక్షిగా చెబుతున్నాను. కన్నేదో నుదురేదో మా కోడలిని అడగకుండా ఈ జన్మలో ఏ యంత్రానికీ బొట్టు పెట్టను. దిష్టి తీయడం మాత్రం మాననండోయ్. కావాలంటే మీ యంత్రాన్ని తెచ్చుకోండి. ఉప్పూ మిరపకాయలూ మాత్రం మీవే.