తాళాలగుత్తికి ఆపరేషన్

ఆ ఇంట్లో ఆమెను అందరూ తాళాలగుత్తి అంటారు. ఆ పేరు పెట్టింది అత్తగారు. ముద్దుకే పెట్టిందట. కరెంటు బిల్లు సైటు పాస్‌వర్డు, గ్యాసుది, కూతురి కాలేజీది, భర్త జీతం కాగితాలు వచ్చేది, అత్తగారు సీరియళ్ళు చూసే టీవీ యాప్‌ది, అన్నీ ఆమె తలలోనే ఉంటాయి. స్నానాల గదిలో ఉన్నా వదలరు. తలుపు మీద దబదబా బాది అడుగుతారు. ఒంటి నిండా సబ్బుతో, చివర్లో చుక్క ఉందో లేదో గొంతు చించుకుని చెప్పాల్సింది ఆమే.

ఆఫీసుకు వెళ్తే అక్కడైనా విశ్రాంతి ఉందా అంటే, అదీ లేదు. పార్సిల్ ఆఫీసులో బుకింగ్ కౌంటరు ఆమెది. ఒక చేత్తో పెట్టె తూకం వేస్తుంటే వెనకనుంచి ఎవరో ఒకరు "మేడం, ప్రింటర్ పాస్‌వర్డు ఏంటి?" అంటారు. నిన్న చెప్పిందే. మొన్న చెప్పిందే. రాసుకోండయ్యా అంటే, మీరున్నారుగా అంటారు. మీరున్నారుగా అనే మాటకు మించిన బరువు ఆ ఆఫీసు గోడౌన్లో కూడా లేదు.

ఇలా ఉండగా డాక్టరమ్మ గర్భసంచి తీసేయాల్సిందేనంది. మామూలు ఆపరేషనే, భయం లేదు అంటూనే ఏదేదో జరిగే అవకాశం ఉందని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో విషయం చెప్పింది. భర్త వెంటనే, "మరి పాస్‌వర్డుల సంగతో?" అన్నాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. కంగారు పడితే నోటికి ముందుగా ఏది వస్తే అది అనేస్తాడు, అంతే. ఆమెకు అది తెలుసు. తెలిసినా ఆ రోజు ముద్ద దిగలేదు.

భయం ఆమెకూ లేకపోలేదు. మత్తిచ్చాక లేస్తానో లేవనో అన్న భయం ఒకటి. లేవకపోతే ఈ ఇల్లు ఏ తలుపూ తెరుచుకోక ఎలా అల్లాడుతుందోనన్న భయం ఇంకొకటి. చావు గురించి కూడా తీరిగ్గా భయపడనివ్వని సంసారం.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే పెద్దాయన ఒక దారి చెప్పాడు. "పాస్‌వర్డ్ మేనేజరని యాప్ ఉంటుందమ్మా. అన్నీ ఒక పెట్టెలో వేసి మూత పెట్టేస్తుంది. ఆ మూతకి ఒక్క పాస్‌వర్డే. అదొక్కటి నీకు గుర్తుంటే చాలు. మిగతావి అదే తయారుచేస్తుంది, అదే గుర్తు పెట్టుకుంటుంది."

"ఆ ఒక్కటీ మర్చిపోతే?"

"మర్చిపోతే ఆ కంపెనీవాళ్ళు కూడా తెరవలేరు. అందుకని అది మాత్రం మర్చిపోకు."

సెలవు రోజు మధ్యాహ్నం, గిన్నెలు తోమి, మంచం మీద ఫోను పెట్టుకుని కూర్చుంది. తన తలలోంచి ఒక్కొక్కటే తీసి అందులో వేస్తుంటే యాప్ ఒక్కొక్కదానికీ ఎర్ర గుర్తు పెట్టింది. పెట్టదా మరి! అన్నిటికీ కూతురి ముద్దుపేరే. వెనక ఉండే అంకె మాత్రం మారుతుంది. ఇన్నాళ్ళూ తన తల ఏదో పెద్ద ఖజానా అనుకుంది. తీరా చూస్తే ఒక్క తాళంచెవికే రకరకాల రంగులు వేసి తిప్పుతోంది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే పొత్తికడుపులో నొప్పి వచ్చింది.

సరే, పనిలో పని అని అన్నీ ఆ పూటే మార్చిపారేసింది. యాప్ తయారుచేసే పాస్‌వర్డులు నోరు తిరిగేవి కావు. పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంటాయి. తాను మారుస్తూ పోతుంటే ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఆలోచించలేదు. ముందు హాల్లోంచి అత్తగారి కేక వినిపించింది.

"ఓసి తాళాలగుత్తీ! వాడు తాళి కట్టబోతుంటే టీవీ ఆగిపోయిందే!"

ఆ వెనకే కూతురు "అమ్మా, కాలేజీ సైటు నన్ను బయటికి తోసేసింది!" అంటూ వచ్చింది. భర్త తన ఫోన్ని, శవాన్ని మోసుకొచ్చినట్టు, రెండు చేతులా పట్టుకొచ్చాడు. మళ్ళీ ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని, ఒక్కొక్కటీ తెరిచి ఇచ్చేసరికి పొద్దు వాలింది. ఎవరూ టీ కూడా పెట్టివ్వలేదు. ఆమె విసుక్కోలేదు. విసుక్కోవడానికి కూడా ఓపిక ఉండాలి.

చివరికి యాప్ ఒక ప్రశ్న అడిగింది. మీకు ఏమైనా అయితే ఈ పెట్టె ఎవరు తెరవాలి? ఒక మనిషిని ఎంచుకోండి. ఆ మనిషి బటన్ నొక్కితే మీకు కబురు వస్తుంది. వారం రోజుల్లో మీరు వద్దనకపోతే పెట్టె తెరుచుకుంటుంది.

ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. భర్తకిద్దామంటే, ఏటీఎం నంబరు మర్చిపోతానని ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టిన మనిషి. కూతురికిద్దామంటే, ఈ ఇంటి వైఫై పాస్‌వర్డు ఆ పిల్ల స్నేహితులందరికీ కంఠతా వచ్చు. అన్నిటికీ అందరికీ తానే దిక్కు. తనకు దిక్కెవరని అడిగితే ఒక్క పేరు తోచడం లేదు. ఇంత చాకిరీ చేసి ఇదా మిగిలింది అనుకుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పుడు మేడ మీదనుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. అక్కడ ఉండేది ఆమె తోడికోడలు. ఇద్దరికీ మాటల్లేవు. మేడ మీద గది ఎవరిదన్న దగ్గర మొదలై, ఒకరి పుట్టింటిని ఒకరు తవ్విపోసుకునేదాకా వెళ్ళింది ఆ గొడవ. ఆ రోజు ఇద్దరూ నోటికి ఎంతొస్తే అంత అనుకున్నారు.

కానీ తోడికోడలు ఒక్క సంగతి మాత్రం ఎత్తలేదు. అంతకు చాలా ముందు ఒకసారి, ఈ ఇల్లు ఇక నావల్ల కాదని ఈ తాళాలగుత్తి సంచి సర్దుకుని బస్టాండుకు వెళ్ళిపోయింది. బెంచీ మీద కూర్చుని ఉంటే, కూరల సంచితో పోతున్న తోడికోడలు చూసింది. ఎందుకని అడగలేదు. పక్కన కూర్చుంది. చాలాసేపటికి "పదక్కా" అని వెంటబెట్టుకుని వచ్చి, కూరలకు తోడు తీసుకెళ్ళానని అత్తగారితో చెప్పింది. గొడవనాడు ఆ మాట బయటపెట్టి ఉంటే ఆమె తల ఎత్తుకోలేకపోయేది. గొంతుదాకా వచ్చే ఉంటుంది. మింగేసింది.

ఆమె ఫోను పట్టుకుని, మధ్య మధ్యలో ఆగుతూ మెట్లెక్కింది. తోడికోడలు తలుపు తీసి, రమ్మనకుండా పక్కకు జరిగింది. ఆమె నిలబడే సంగతంతా చెప్పింది.

"నేనే ఎందుకు?" అంది తోడికోడలు.

"నీ నోరు గట్టిది. బస్టాండు మాట ఇప్పటికీ దాటలేదు."

ఆమె యాప్‌లో పేరు పెట్టగానే, తోడికోడలు తన ఫోనుకు వచ్చిన కబురుకు సరేనని నొక్కింది. "మెట్లు ఎక్కకూడదు కదా నువ్వు. పిలిస్తే నేనే వచ్చేదాన్నిగా," అంది కోపంగా.

ఆపరేషన్ అయింది. కానీ జ్వరం పట్టుకుని, అనుకున్న దానికంటే ఎక్కువ రోజులు ఆమె మగతలోనే ఉండిపోయింది. కాస్త తెలివి వచ్చి కళ్ళు తెరిచేసరికి మంచానికి ఇటు తోడికోడలు కూర్చుని ఉంది. అటు భర్త, గడ్డం పెరిగిపోయి, నిలబడి ఉన్నాడు.

"నీ తోడికోడలు మొండి ఘటమే బాబూ," అన్నాడాయన, ఆమె కళ్ళు తెరవడమే ఆలస్యం. "కరెంటు పోయి వచ్చాక టీవీ మళ్ళీ పాస్‌వర్డు అడుగుతోంది. అమ్మ గోల భరించలేక, ఆ బటనేదో నొక్కమ్మా అని రోజూ బతిమాలాను. నొక్కితేనా!"

"అది అక్క లేవనప్పుడు నొక్కేది, బావగారూ." తోడికోడలు దుప్పటి సర్దింది. "టీవీ కోసం నొక్కమంటే ఎలా నొక్కుతాను? లేస్తుందిలే అని కూర్చున్నాను."

ఆమె చెయ్యి చాపింది. తోడికోడలు పట్టుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇద్దరి చేతులు కలిశాయి. ఆమె కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

భర్త కాసేపు అటూ ఇటూ కదిలాడు. తర్వాత మెల్లిగా, "ఇంతకీ ఆ టీవీది ఏంటోయ్?" అన్నాడు.

ఆమె అలవాటుకొద్దీ నోరు తెరిచింది. తల వెతికింది. అక్కడేమీ లేదు. కూతురి ముద్దుపేరు తప్ప ఏమీ లేదు.

"నాకు తెలీదండీ," అంది. ఆ ఇంటికొచ్చాక ఆ మాట అనడం అదే మొదటిసారి. నిజంగానే తెలీదు. తోడికోడలి చెయ్యి వదలకుండా కళ్ళు మూసుకుని నిద్రపోయింది.