జున్ను గొంతులో ముల్లు

ఆ రోజు మా ఇంట్లో పరిగె చేపల పులుసు. అందరి భోజనాలూ అయ్యాక జున్ను వంటింటి గుమ్మంలో నిలబడి, మెడ ముందుకు చాచి దగ్గడం మొదలుపెట్టింది. మామూలుగా కుక్కలు దగ్గే దగ్గు కాదు. పొడిగా, ఖంగు ఖంగుమని. మా అత్తయ్యగారి పుట్టిల్లు దివిసీమ. కోతలయ్యాక చేలల్లో తిరిగే బాతుల మందల్ని చూస్తూ పెరిగిన మనిషి. "ఇదేంటే, బాతులా అరుస్తోంది" అని ఆవిడే అన్నారు. ఆ మాట ఎంత సరైనదో చాలా రోజులకు గానీ మాకు తెలియలేదు.

జున్ను మా పమేరియన్. తెల్లగా ఉంటుందని ఆ పేరు. మా అమ్మాయి శ్రావణి స్కూల్లో చదివేటప్పుడు అన్నం మానేసి మరీ సాధించుకుంది. ఇప్పుడు శ్రావణి గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉంటోంది, శనివారాలు ఇంటికొస్తుంది. కుక్క మాకు మిగిలింది. మాది బందరు పక్కన చిలకలపూడి. మా ఆయన రోల్డ్ గోల్డ్ గొలుసులు చేస్తారు, నేను ఇంట్లోనే దుద్దులకు రాళ్ళు అతికిస్తాను. జున్ను రోజంతా నా పీట పక్కనే పడుకునేది. దాని మెడలో మా ఆయన చేసిన గొలుసు, దానికో మువ్వ. "మీ మావగారు నాక్కూడా ఇంత మురిపెంగా చేయించలేదు" అని అత్తయ్యగారు దెప్పేవారు.

ఆ రోజు దగ్గు వినగానే ఆవిడ తేల్చేశారు. "ముల్లు గుచ్చుకుంది దానికి. ఎవరో ఎంగిలి కంచం కింద పెట్టుంటారు."

చేప తినే ఇళ్ళల్లో ముల్లుకి ఒకటే మందు. ఏమీ కలపని ఉత్త అన్నాన్ని ముద్ద చేసి నమలకుండా మింగాలి. ముద్దతో పాటు ముల్లూ దిగిపోతుంది. అలా ఎన్నిసార్లు మింగానో నాకే లెక్కలేదు, అందుకే నాకూ అనుమానం రాలేదు. జున్ను ముద్ద మింగింది, దగ్గు ఆగింది. సాయంత్రం మళ్ళీ దగ్గింది. ఇంకో ముద్ద. మర్నాడు మా ఆయన గేటు తీసిన చప్పుడుకి ఎగురుకుంటూ వెళ్ళి మళ్ళీ దగ్గింది. మళ్ళీ ముద్ద.

కొన్నాళ్ళకి ఆ దగ్గు మాకు అలవాటైపోయింది. "దగ్గితే అన్నం పెడతారని కనిపెట్టేసింది, దొంగముండ" అని మా ఆయన నవ్వేవారు. మేమూ నవ్వాం. జున్ను గుండ్రంగా తయారైంది. చూసినవాళ్ళు ముద్దొస్తోందన్నారు.

మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయిన రోజున భయమేసి మా ఊళ్ళోనే ఉన్న పశువుల డాక్టరు గారికి చూపించాను. బల్ల మీద బుద్ధిమంతురాలిలా కూర్చుంది, ఒక్కసారైనా దగ్గలేదు. ఆయన నోరు తెరిచి చూసి, "ముల్లేమీ లేదండీ" అని సిరప్ రాసిచ్చారు. ఇంటి గుమ్మం తొక్కామో లేదో, ఖంగుమంది.

ఆ శనివారం శ్రావణి వచ్చింది. దాన్ని చూసిన సంతోషంలో జున్నుకి దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగలేదు. శ్రావణి ఎత్తుకోకుండా ఫోన్ తీసి వీడియో పట్టింది. "ఏం పిల్లవే, అది అల్లాడిపోతుంటే ఫోటోలా?" అని కేకలేశాను. ఆ వీడియోనే మాకు దారి చూపించింది.

గుడివాడలో కుక్కల్ని బాగా చూస్తారన్న డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడా జున్ను దగ్గలేదు. శ్రావణి వీడియో పెట్టింది. సగం కూడా వినకుండానే ఆయన తల ఎత్తారు. "గూస్ హాంక్ అంటామమ్మా దీన్ని. బాతు కూతలా లేదూ?" అన్నారు. ఎక్స్-రే తీయించి, వెలుగుకి పట్టి చూపించారు. "ట్రేకియల్ కొలాప్స్. ఊపిరి గొట్టానికి రింగుల్లాంటివి ఉంటాయి. దీనికవి మెత్తబడిపోయాయి. గట్టిగా గాలి పీల్చినప్పుడల్లా గొట్టం అణిగిపోతోంది. ఈ చిన్న బ్రీడ్స్‌లో ఎక్కువ."

"తగ్గుతుందాండీ?" అని అడిగాను.

"తగ్గదమ్మా. తగ్గించుకుంటూ ఉండాలి."

ఆ రెండు మాటల మధ్య తేడా అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు బతుకంతా ఆ తేడాలోనే ఉంది.

ఆయన చెప్పినవన్నీ చిన్న పనులే. మెడకి ఏదీ ఉండకూడదు, కడితే ఛాతీకి బెల్టు కట్టాలి. ఒళ్ళు తగ్గాలి. అగరొత్తుల పొగ, దోమల చక్రం పొగ తగలకూడదు. ఎండ పనికిరాదు. చివరికి తలుపు దాకా వచ్చాక ఇంకో మాట అన్నారు. "ఎక్సైట్ అవ్వనివ్వకండి. భయమైనా, కోపమైనా, సంతోషమైనా సరే. ఎక్కువైతే దగ్గే."

సంతోషాన్ని ఎలా ఆపాలో ఆయన చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ జీవానికి ఉన్నదల్లా అదే కదా.

ఇంటికొచ్చి మువ్వ గొలుసు తీసేశాం. ఇల్లు మూగబోయింది. అత్తయ్యగారికి మాత్రం తిండి తగ్గించడం మింగుడు పడలేదు. "నోరులేని జీవాన్ని కడుపు మాడ్చి బతికిస్తారా? ఇదెక్కడి వైద్యం? ముల్లు లోపలికి దిగుంటుంది, ఆ ఫోటోలో పడి ఉండదు" అనేవారు. నేను చూడనప్పుడు కొంగు చాటున ముద్ద పెట్టేవారు. గొడవపడ్డాను. ఆవిడ ఒక పూట అన్నం మానేశారు. పోట్లాడాల్సింది ఆవిడతో కాదని తెలుసు, కానీ రోగంతో పోట్లాడటం చేతకాక ఆవిడ మీద పడ్డాను.

చలికాలం బాగానే గడిచింది. జున్ను ఒళ్ళు కొంచెం తగ్గింది, టాబ్లెట్లతో దగ్గు నెమ్మదించింది. గండం గట్టెక్కిందనుకున్నాను. వేసవి వచ్చింది.

రోహిణి కార్తె ఎండల్లో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. బందరు ఉక్కపోత సంగతి తెలిసిందే, ఆకు కదలదు. జున్ను అప్పటికే నాలుక బయటపెట్టి రొప్పుతోంది. సరిగ్గా అప్పుడే పరీక్షలైపోయి, మాకు చెబితే సరదా ఏముందని చెప్పకుండా శ్రావణి వచ్చేసింది. గేటు దగ్గర్నుంచే "జున్నూ" అని పిలిచింది.

జున్ను పరిగెత్తింది. వాకిలి దాటకుండానే దగ్గు, ఆ తర్వాత దగ్గడానికి కూడా ఊపిరి లేదు. నాలుగు కాళ్ళూ చాపి పడిపోయింది. నాలుక నీలంగా మారింది. నేను తడి తువ్వాలు తెచ్చి కప్పాను, విసనకర్రతో విసిరాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. తల ఎత్తి చూస్తే అత్తయ్యగారు ఎదురుగా నిలబడి ఉన్నారు. చేతిలో అన్నం ముద్ద. పెట్టకూడదని ఆవిడకి తెలుసు. పెట్టలేదు, పారెయ్యలేదు. అలా పట్టుకుని నిలబడ్డారు. ఆ ముద్ద చూశాక ఆవిడ మీద నాకున్న కోపమంతా పోయింది.

పక్కింటి కరీం అన్నయ్య ఆటో తీశాడు. "గుడివాడే పోదాం, చెల్లెమ్మా. అక్కడైతే ఆక్సిజన్ ఉంది" అన్నాడు. జున్నుని ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను, పక్కన శ్రావణి. శ్రావణి మొహం కనబడిన ప్రతిసారీ జున్ను లేవబోతోంది. తోక ఊపుతోంది. లేవబోతే ఊపిరి అందడం లేదు. పెడన దాటుతుండగా నేనే ఆటో ఆపించి అన్నాను, "నువ్వు ముందు సీట్లోకి వెళ్ళవే. ఇటు చూడకు. మాట్లాడకు."

శ్రావణి కరీం అన్నయ్య పక్కన ఇరుక్కుని, మాకు వీపు పెట్టి కూర్చుంది. గుడ్లవల్లేరు వచ్చింది, దాని కాలేజీ వెళ్ళిపోయింది, అది తల తిప్పలేదు. వీపు మాత్రం కదులుతోంది. ఏడుస్తోందని తెలిసీ ఓదార్చలేకపోయాను. నా గొంతు వినబడితే జున్ను మళ్ళీ లేస్తుందని భయం.

ఆక్సిజన్ పెట్టారు, ఇంజక్షన్ చేశారు. సాయంత్రానికి నాలుక మళ్ళీ గులాబీ రంగుకి వచ్చింది. గొట్టం అణగకుండా లోపల వేసే స్టెంట్ గురించి అడిగితే డాక్టరు గారు దాచలేదు. "పెద్ద సిటీల్లో వేస్తారమ్మా. దీనికి వయసు మీద పడింది, హార్ట్ కూడా కొంచెం ఎన్‌లార్జ్ అయింది. అనస్తీషియా తట్టుకుంటుందని గ్యారంటీ ఇవ్వలేను. వెయ్యకపోతే ఇలాంటి ఎటాక్ మళ్ళీ రాదనీ చెప్పలేను." ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేము వేయించలేదు. అది సరైన నిర్ణయమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసే దారీ లేదు.

జున్ను ఇప్పుడెలా ఉందని అందరూ అడుగుతారు. ఉంది. కొన్ని రోజులు అసలు దగ్గదు, కొన్ని రోజులు నీళ్ళు తాగినా దగ్గే. దగ్గు మొదలవగానే నేను రాళ్ళ పళ్ళెం పక్కన పెట్టి, దాని పక్కన నేల మీద చెయ్యి ఆనించి కూర్చుంటాను, అంతే. అత్తయ్యగారు ఇంకా ముద్ద చేస్తూనే ఉన్నారు. తీసుకెళ్ళి గోడ మీద కాకులకు పెడుతున్నారు.

బుల్లి కుక్కల్ని పెంచుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. అది వింతగా దగ్గితే నోట్లో ఏమీ పెట్టకండి, ముందు ఫోన్ తీసి వీడియో పట్టండి. డాక్టరు ముందు అది దగ్గదు. అల్లాడుతుంటే ఫోటోలా అని ఎవరైనా తిడితే పడండి.

శ్రావణి ఇప్పుడు బస్సు దిగగానే ఫోన్ చేస్తుంది. పెరటి గుమ్మంలోంచి చప్పుడు చెయ్యకుండా వచ్చి, జున్నుకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. జున్నుకి వాసన తెలుస్తుంది, లేస్తుంది. అది నెమ్మదిగా నడిచి వెళ్ళి శ్రావణి వీపుకి ఆనుకుని పడుకుంటుంది. "పడుకుందా అమ్మా?" అని శ్రావణి గోడనే చూస్తూ గుసగుసగా అడుగుతుంది. పడుకుందే, ఇంకాసేపు తిరక్కు, అంటాను.