మూడో క్యాను

ఎవరైనా మంచినీళ్ళు ఇస్తే ముందు ఇచ్చినవాళ్ళ ముఖం చూసి, తర్వాత చెంబులోకి చూసి, అప్పుడు తాగే రోజులవి. జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ, పెన్నకు కాస్త ఎడంగా ఉంటుంది మా ఊరు. పై వీధి ఒక పార్టీ, కింద వీధి ఇంకో పార్టీ. జెండాల రంగులు ఎలక్షన్లకు మారేవి గానీ పగలు మారేవి కావు. ఈ రెండింటికీ చెందనివి ఊరి చివర మా చర్చి వీధి ఇళ్ళే, పదో పన్నెండో. పాల సెంటరు మా ఇంటికి రావడానికి కారణం అదే.

శనక్కాయ పంట వానను నమ్ముకున్నది. వరసగా మూడేళ్ళు ఎండిపోయేసరికి, జమ్మలమడుగు నుంచి ఒక ఆఫీసరు వచ్చి బర్రెలకు లోన్లు ఇప్పించాడు. ప్రొద్దుటూరు నుంచి పాల వ్యాను పూటపూటా వస్తుందన్నాడు. కాకపోతే రెండు వీధుల పాలూ కలిస్తేనే అది మా ఊరి మలుపు తిరుగుతుంది, ఒక్క వీధి పాల కోసమైతే డీజిలు దండగ. సెంటరు పై వీధిలో పెడితే కింద వీధివాళ్ళు పాలు పొయ్యరు. కింద వీధిలో పెడితే పై వీధివాళ్ళు ఆ దోవే తొక్కరు. నేను టెన్తు పాసయి ఖాళీగా ఉన్నాను. మా అమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసి ఇంట్లో ఉంది. అందుకని సెంటరు మా ఇంట్లో పెట్టి, పాలు కొలిచే పని నాకిస్తామన్నారు.

మా చేతి నీళ్ళు తాగని ఊరు మా ఇంట్లో పాలెట్లా పోస్తుందని అడిగాను. పై వీధి పెద్దాయన నవ్వాడు. "ఆ పాలు మనం తాగుతామా ఏంది మే? ప్రొద్దుటూరోళ్ళు కదా తాగేది!"

నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా అమ్మకు కూడా వింతే. ఏం చేస్తాం, ఆ పని వస్తే తప్ప మా ఇంట్లో పొయ్యి రెండు పూటలా వెలగదు.

పై వీధికి ఒక క్యాను, కింద వీధికి ఒక క్యాను. కడగడానికి కూడా నన్ను నమ్మలేదు. ఎవరి క్యాను వాళ్ళ ఆడవాళ్ళే తీసుకుపోయి బూడిదతో తోమి, వేడినీళ్ళు పోసి, మూతకు గుడ్డ కట్టి తెచ్చేవాళ్ళు. పాలు కొలిచేటప్పుడు ఇటొక మనిషి, అటొక మనిషి నా వెనకాల నిలబడి నా చేతినే చూసేవాళ్ళు. తుమ్మొస్తే పక్కకు పోయి తుమ్మి రావాలి. తుమ్మినందుకు కూడా ఒకడు అడిగాడు, "ఎవురికి సైగ చేస్తాండావు?" అని. వీడి అనుమానం పాడుగానూ!

ఆ రెండూ నిండాక, ఇరువైపులా మిగిలిన పాలు మూడో క్యానులో కలిపేవాళ్ళం. అరకొర క్యాన్లు ఎక్కించుకోనని వ్యాను డ్రైవరు ముందే చెప్పాడు. ఆ మూడోది ఎవరిదీ కాదు కాబట్టి దాన్ని కడిగే పని నాది.

కింద వీధిలో ఒక అక్క ఉండేది. ఆమె మొగుణ్ణి పట్టపగలు బస్సులోంచి దించి చంపారు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక్క బర్రె. పిల్లలను బడికి తోలి వచ్చేసరికి ఆలస్యమయ్యేది, ఆమె పాలు ఎప్పుడూ మూడో క్యానులోనే పడేవి. "వ్యాను ఆగిపోతే నా గతేంది మే?" అనేది. వ్యాను ఆగుతుందని అప్పటికి ఎవరూ అనలేదు.

ఒకరోజు పై వీధి మనిషి ఆ క్యానులోకి తొంగి చూసి, "లోపల నల్లగుండాదే! ఏం కలుపుతాండావు మే?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకెవరూ వేలెత్తి చూపకూడదని పంతం పట్టాను. మా అమ్మ శనివారాలు చర్చి ఇత్తడి పళ్ళేలు చింతపండుతో తోమేది. అదే చింతపండుతో క్యాను లోపలా బయటా, మూతతో సహా రుద్దాను. అద్దంలా మెరిసింది. నీళ్ళ బోరు కింద వీధిలో ఉండేది. బిందె నీళ్ళు తేవాలంటే ఎంతమంది చూపులు దాటి రావాలో! అందుకని ఒక్క చెంబు నీళ్ళతో జాడించి బోర్లించేదాన్ని. రోజూ అదే పని.

నాలుగో రోజు డ్రైవరు క్యాను దించి, "విరిగినాయమ్మా" అన్నాడు. "ఈ ఒక్క క్యానే. ఆ రెండూ బాగుండాయి."

మర్నాడూ అంతే. నిమ్మకాయ పిండింది కింద వీధివాళ్ళేనని పై వీధి, కాదు పై వీధివాళ్ళేనని కింద వీధి. కాపలా మనుషులు ఇద్దరు పోయి నలుగురయ్యారు. చివరికి పై వీధి పెద్దాయన తేల్చేశాడు: "ఆ పాలూ ఈ పాలూ కలవవు. మనుషులే విరిగినాక పాలు విరగవా?"

అందరూ తలలూపారు. నిజం చెప్పొద్దూ, నాకూ నిజమేననిపించింది. నేను మాత్రం ఏ ఊరిదాన్ని? డ్రైవరును అనుమానించాను, కాపలావాళ్ళను అనుమానించాను. ఆఖరుకు ఆ అక్కను కూడా, చివర పోసేది ఆమే కదా అని, ఆమె కొంగు వైపు ఓరగా చూశాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇంకొక్కసారి విరిగితే ఈ ఊరికి వ్యాను వద్దంటాండాడు మా సారు" అని డ్రైవరు చెప్పిపోయాడు.

మర్నాడు తెల్లారేసరికి మా వాకిట్లో రెండు వీధుల మగవాళ్ళూ చేరారు. కొందరి చేతుల్లో సంచులున్నాయి. వాటిలో ఏముందని అడిగేంత వెర్రివాళ్ళు మా ఊళ్ళో లేరు. నేను మూడో క్యాను తీసుకుందామని లోపలికి పోయాను. మూత రబ్బరు కాస్త ఊడి ఉంటే సరిచేయబోయాను. దాని కింద వేలికి మెత్తగా ఏదో తగిలింది. చింతపీచు! వాసన చూస్తే గుప్పుమని పులుపు. నా పంతం పాడుగానూ, నిమ్మకాయ పిండింది నేనే!

అమ్మకు చూపించాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "గమ్మునుండు మే. చెప్పినావంటే మన ఇల్లు మిగలదు."

"చెప్పకపోతే ఈ పొద్దు తలకాయలు మిగలవమ్మా" అన్నాను.

బయటికొచ్చి, రబ్బరూ పీచూ అరచేతిలో పెట్టి అందరికీ చూపించాను. తప్పు నాదే, చింతపండుతో నేనే తోమాను, నీళ్ళు సరిగా పొయ్యలేదు, పాలదేం తప్పు లేదు, వీధులదేం తప్పు లేదు అన్నాను. ముందున్నవాళ్ళు వంగి పీచు వైపు చూశారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

పై వీధి పెద్దాయన మెల్లగా అడిగాడు. "ఈ మాట ఎవురు చెప్పమన్నారు మే నీకు?"

"ఇంకెవురు, మీరే!" అని కింద వీధివాళ్ళలో ఒకడు లేచాడు. "మిమ్మల్ని కాపాడేదానికే చెప్తాండాది!"

ఆ రెండు వీధులూ నా ఎరుకలో ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే, నేను అబద్ధం చెప్తున్నానని. నాకు ఆగలేదు. "మీ ఇండ్లల్లో ఆడోళ్ళను అడగండప్పా! పులుపు తగిలిన గిన్నెలో పాలు నిలుస్తాయో లేదో వాళ్ళే చెప్తారు!" అని అరిచాను. ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు, చెంబులు చంకన పెట్టుకుని. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ అక్క తలొంచుకుని కొంగు సర్దుకుంది.

ఆ రోజు తలకాయలు పగల్లేదు. నన్ను అనుమానించడంలో పడి ఒకరినొకరు కొట్టుకోవడం మరిచిపోయారు. ఆ మటుకు నా పరువు పనికొచ్చింది. తర్వాత పై వీధిలో ఒక సెంటరు, కింద వీధిలో ఒక సెంటరు పెట్టుకున్నారు. వ్యాను రెండు చోట్లా ఆగి, రెండు చోట్లా సగం సగం క్యాన్లు చూసి, పట్టుమని పదిరోజులు తిరగకముందే రావడం మానేసింది. బర్రెలను మేపలేక ఒక్కొక్కరే అమ్ముకున్నారు. ఆ అక్క బర్రెను పులివెందుల దిక్కు బేరగాళ్ళు తోలుకుపోయారు. ఆమె నాపరాళ్ళ గనిలో కూలికి చేరింది.

శానా ఏళ్ళకు జమ్మలమడుగు బస్టాండులో కనబడింది. చేతివేళ్ళు రాళ్ళకు కాయలు కాచిపోయాయి. పిల్లల సంగతులన్నీ చెప్పింది. బస్సు వచ్చే వేళకు గొంతు తగ్గించి, "నీ చింతపండు మాట నిజమేనని మా ఆడోళ్ళందరికీ ఆ పొద్దే తెలుసు మే" అంది.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "మరి ఒక్కరన్నా నోరెందుకు విప్పలేదక్కా? నీ బర్రె పాయె కదా!"

"ఆ వీధిలో బతకాల్సిందాన్ని. నీ దిక్కు మాట్లాడితే నన్ను యాడికి పొమ్మంటావు?" అంది. బస్సు ఎక్కబోయి ఆగి, అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"అది సరేగానీ, ఇప్పుడన్నా చెప్పు మే. ఆ పొద్దు నీచేత నిజం ఎవురు చెప్పించినారు?"