పెద్దక్క

నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి టైలరు మాట్లాడడని వీధిలో అనుకుంటారు. సూదులు లేనప్పుడూ మాట్లాడడు. కొలతలు తీసుకుంటూ "ఊఁ" అంటాడు, బట్టలడిగితే "రేపు" అంటాడు. చొక్కా కాలరుకి గుచ్చుకున్న సూదితోనే ఇంటికెళ్లిపోతాడు. మధ్యాహ్నం మిషను ఆపి ఫోను తీశాడంటే మాత్రం మనిషే వేరు. ఎవరి పేరూ ఎవరికీ తెలియని ఒక ఆడవాళ్ల గ్రూపులో ఆయన పెద్దక్క. కొత్త డిజైన్లు వెతుక్కుంటూ అందులో చేరాడు. ఎవరో "అక్కా" అని పిలిస్తే కాదనలేకపోయాడు. అత్తపోరైనా, ఆడబిడ్డ సాధింపైనా "ఏడవకు చెల్లీ" అని మొదలుపెట్టి చాంతాడంత రాస్తాడు.

మొన్న ఒక కొత్తావిడ రాసింది: "అక్కా, మా ఆయనా గోడా ఒకటే. భోజనం చేసేటప్పుడు కూడా కాలరుకి సూది ఉంటుంది. తల తిప్పితే ఎక్కడ గుచ్చుకుంటుందో అని నాకే భయం." ఆయన చెయ్యి కాలరు మీదికి పోయింది. చాలాసేపు రాసి, చెరిపి, చివరికి "ఓపిక పట్టు చెల్లీ, మనిషి చెడ్డవాడు కాదు" అని పంపాడు.

ఆ సాయంత్రం సూది తీసేసి ఇంటికెళ్లాడు. భార్య వడ్డించి, ఫోను చూసుకుంటూ తనలో తనే నవ్వుకుంటోంది. ఆయన గొంతు సవరించుకుని "ఎవరు?" అన్నాడు.

"మా అక్క," అంది ఆవిడ తలెత్తకుండానే. "మీకు తెలీదులెండి."