వందన సమర్పణ కింద పడిన మాట

మనవాళ్ళకు మైకు కనబడకూడదు. కనబడిందా, ఇక అంతే. ఎక్కడినుంచో ఒక శాలువా వస్తుంది, ఒక పూలదండ వస్తుంది, నలుగురు పెద్దలు వస్తారు, వాళ్ళ వెనక ఫోటోలు తీసే మనిషి వస్తాడు. వేదిక లేకపోయినా వేదికనలంకరించిన పెద్దలు ఉంటారు. వినేవాళ్ళు లేకపోయినా సభకు నమస్కారం ఉంటుంది. నలుగురూ నవ్వుకుంటారని చెప్పడం లేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కర్నూలులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక స్టూడియో ఉంది. ఒకప్పుడు విరిగిన బల్లలు పడేసే గది. గోడలకు నల్ల స్పాంజి అంటించి, రెండు మైకులు పెట్టి, చప్పుడు దూరని తలుపు బిగించి, ఆ తలుపుకు చిన్న అద్దం పెట్టి దాన్ని స్టూడియో అన్నారు. అన్ని డిపార్ట్‌మెంట్లకూ అదొక్కటే. పాడ్‌కాస్టులైనా, ఆన్‌లైన్ పాఠాలైనా, కాలేజీ గొప్పలు చెప్పుకునే వీడియోలైనా అందులోనే. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక గంట ఇస్తారు. లోపల ఏసీ ఉంది గానీ దాని హోరు మైకులో పడుతుందని రికార్డింగ్ మొదలవగానే ఆపేస్తారు. కర్నూలు ఎండల్లో ఆ గదిలో గంట కూర్చుని వస్తే ఒంటి మీద బట్ట పిండుకోవచ్చు. అయినా నాకు ఆ గది ఇష్టం. క్లాసులో తల ఎత్తని ఆడపిల్లలు అక్కడ మైకు ముందు కూర్చుని వాళ్ళ ఊరి సంగతులు గలగలా చెప్పేవాళ్ళు. చూసేవాళ్ళు లేరన్న ధైర్యం అనుకుంటాను.

మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, బనగానపల్లె దగ్గర మామిడితోటలో ఉంటుంది. నన్ను పెంచింది ఆమే. తోటలో కోతులు పడితే అందరూ టపాకాయలు కాల్చేవాళ్ళు. మా అత్త ఒక్క కేక వేస్తే పక్కతోట కోతులు కూడా సర్దుకునేవి. మామకు షుగరు ముదిరి చూపు పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆయనకు కళ్ళు అత్త నోరే.

"యోవ్, గడప ఉండాది, కాలెత్తు."

"కుడిచేతి కింద రొట్టె ఉండాది. దాని పక్కన ఊరిబిండి. నీళ్ళు ఎడం పక్క."

"ఎండ దిగింది, ఇంగ రా బయటికి."

లేచినప్పటినుంచి పడుకునేదాకా ఇదే వరస. మధ్యలో తిట్లు. ఆ తిట్లు కూడా మామకు పనికొచ్చేవే. తిట్టు ఎటునుంచి వస్తే అత్త అటువైపు ఉన్నట్టు.

అలాంటి గొంతులో గడ్డ లేచింది. బొంగురు పోయిందని కషాయాలు తాగుతూ కూర్చుంది, అడ్డంగా మాట్లాడి మా నోళ్ళు మూయించింది. చివరికి కర్నూలుకు తీసుకొస్తే డాక్టరు అన్నీ చూసి, గొంతులో ఉండే మాటపెట్టె మొత్తం తీసేయాలన్నాడు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. అత్త ఏడవలేదు. "మరి ఆయప్పకు ఎవురు చెప్తారు సార్?" అని అడిగింది. డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గొంతు దగ్గర పెట్టుకుంటే మాట పలికించే మిషన్ ఒకటి ఉందన్నారు. ఆస్పత్రిలో ఎవరో దానితో మాట్లాడుతుంటే మామ విన్నాడు. "అది మనిషి కాదు, బోరు మోటారు" అని ముఖం తిప్పుకున్నాడు.

ఆపరేషన్ వచ్చే వారం అన్నారు. ఉన్న గొంతునైనా దాచుకుందామని మొదట ఫోనులో పట్టాను. తోటలో గాలి, కోళ్ళు, రోడ్డు మీద లారీలు. అన్నిటి మధ్యా అత్త బొంగురు గొంతు ఎవరో గోడవతల నుంచి గీరినట్టు పడింది. మామ కాసేపు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఎవురు పాపా ఈయమ్మ?" అన్నాడు.

అత్త ఆయన పక్కనే కూర్చుని ఉంది. ఆమె ముఖం నేను చూడలేకపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది స్టూడియో. ఆ మైకు ముందు గుసగుసలాడినా పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంటుంది. అత్తతో చెప్తే వెంటనే ఒప్పుకుంది. "కతలు గితలు నాకు రావు. పొద్దున లేసినకాడ్నుంచి పండుకునేదాంక ఆయప్పకు నేనేం చెప్తానో అదే చెప్తా. ఇంట్లో నా సద్దు ఉంటాది గదా" అంది. గొంతు ఎక్కువ వాడొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి ముందు రోజంతా నోరు విప్పలేదు. మామకు చెయ్యి తట్టి తట్టి అన్నం పెట్టింది. ఆ మనిషి ఒక పూట మౌనంగా ఉండడం అంటే ఏమిటో మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

స్టూడియో చూసుకునే సారు ఒకాయన ఉన్నాడు. గంట ఎందుకు కావాలమ్మా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎంత గొప్ప విషయమమ్మా! దీన్ని మనం ఊరికే వదలకూడదు" అన్నాడు. ఆ మాటకు అర్థం మర్నాడు తెలిసింది.

అత్త పొద్దున బస్సుకే వచ్చింది, మెడకు తువ్వాలు చుట్టుకుని. మామను పక్కతోటవాళ్ళకు అప్పజెప్పి వచ్చింది. స్టూడియో దగ్గరికి వెళ్ళేసరికి తలుపు పక్కన ఫ్లెక్సీ! గ్రామీణ మహిళా స్వరానికి ఘన సత్కారం అట. దాని మీద ప్రిన్సిపాల్ ఉన్నాడు, సారు ఉన్నాడు, ముఖ్య అతిథి అని ఇంకొకాయన చేతులు జోడించి నవ్వుతూ ఉన్నాడు. మా అత్త ఫోటో ఒక్కటే లేదు.

లోపల ఇద్దరు కూర్చోవలసిన గదిలో కుర్చీలు కుక్కేశారు. ఒక మైకు అధ్యక్షులవారి ముందు, ఒకటి వక్తల ముందు. అత్తను పెళ్ళికూతురిని కూర్చోబెట్టినట్టు మధ్యలో కూర్చోబెట్టారు. ఆమె ముందు మైకు లేదు, పూలగుత్తి ఉంది. ఏసీ ఆపేశారు. రికార్డింగ్ మొదలైంది.

ఇక చూడండి. ఒకాయన స్వాగతం పలికాడు. స్వాగతం పలికినాయనకు ఇంకొకాయన కృతజ్ఞత చెప్పాడు. ప్రిన్సిపాల్ రాయలసీమ స్త్రీ గొప్పతనం మొదలుపెట్టి కరువు మీదికి, కరువు నుంచి రాళ్ళ మీదికి, రాళ్ళ నుంచి తన చిన్నతనం మీదికి వెళ్ళి అక్కడే తిరుగుతూ ఉండిపోయాడు. ముఖ్య అతిథి వాళ్ళమ్మ గురించి మాట్లాడి కళ్ళు ఒత్తుకున్నాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. ఇక్కడ మజ్జిగ కూడా మిగల్లేదు, చెంబు మిగిలింది. ఆ ఉక్కలో అత్తకు శాలువా కప్పారు. ఫోటో సరిగ్గా రాలేదని తీసి మళ్ళీ కప్పారు. దండ వేశారు. అత్త చెమటలు కారుతూ నావైపు చూసింది. అప్పుడు కూడా నోరు తెరవలేదు. మాటలు అయిపోతాయని భయం ఆమెకు.

నేను వంగి సారు చెవిలో చెప్పాను. "సార్, గంట అయిపోతోంది. ఆమెను మాట్లాడనివ్వండి."

"ఉండమ్మా. పద్ధతి ప్రకారం పోదాం" అన్నాడు.

పద్ధతి! రేపో మాపో గొంతు పోయే మనిషిని కూర్చోబెట్టి ఆమె గొంతు గొప్పతనం మీద వీళ్ళు మాట్లాడడం ఏ పద్ధతి? సంగతి తెలిసిన మనిషే కదా, కళ్ళు తుడుచుకున్న మనిషే కదా. తెలియక చేస్తే సరేలే అనుకోవచ్చు. తెలిసి, జాలిపడి, ఆ జాలికి దండ వేసి ఊరేగించారు.

ఇంతలో తలుపు అద్దంలో మొహాలు. ఆ తర్వాతి గంటవాళ్ళు వచ్చేశారు, పోటీ పరీక్షల పాఠాలు రికార్డు చేసుకునేవాళ్ళు. కాసేపు ఆగమని బతిమాలుకుందామని బయటికి వెళ్ళాను. నా వెనక తలుపు పడింది. "మేడమ్, మా టైమ్ ఇది. మాకూ ఇంకో గంట ఇవ్వరు" అని వాళ్ళు, "మా అత్త ఇంకా మొదలే పెట్టలేదు" అని నేను. వాళ్ళది తప్పేం లేదు. అయినా వాళ్ళ మీద అరిచాను. అరుస్తూ అద్దంలోంచి లోపలికి చూస్తే అత్త లేచి నిలబడి ఉంది. దండ బల్ల మీద ఉంది. చెయ్యి పైకెత్తి, నోరు పెద్దగా తెరిచి ఏదో అంటోంది. ముందున్న పెద్దలు కుర్చీల్లో వెనక్కి జరిగారు. ఒక్క మాట కూడా బయటికి వినబడలేదు. అంత బాగా కట్టారు ఆ తలుపు.

నేను తలుపు తోసుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అత్త బల్ల పట్టుకుని దగ్గుతోంది. తువ్వాలుకు ఎర్రగా అంటుకుంది. ఆ సాయంత్రానికి గొంతులో గాలి తప్ప ఏమీ రాలేదు. ఆస్పత్రిలో మరుసటి రోజే చేర్చుకున్నారు. ఇంకో గంట ఇచ్చినా, ఇంకో స్టూడియో కట్టించినా ఇక పనికిరాదు.

ఆ రోజు గది వదలక ముందే, రికార్డింగ్ చూసుకునే మనిషిని ఫైలు అడిగాను. సారు చెప్పకుండా ఇవ్వకూడదన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఇచ్చేదాకా ఈ గదిలోకి ఎవరూ రారు, ఇందులోంచి ఎవరూ పోరు" అన్నాను. మా అత్త పెంపకం మరి. ముఖ్య అతిథికి భోజనానికి ఆలస్యమవుతోందట, వెంటనే ఇచ్చేశారు.

కాలేజీ ఛానల్లో కార్యక్రమం పెట్టారు. స్వాగతం ఉంది, కరువు ఉంది, రాళ్ళున్నాయి, ముఖ్య అతిథిగారి అమ్మ ఉంది. అత్త మాట మొత్తం కోసేశారు. సారు నాకు లింకు పంపి, కింద "మంచి స్పందన వస్తోందమ్మా" అని రాసి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మ చూస్తే ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

నా దగ్గరున్న ఫైల్లో వాళ్ళవన్నీ కోసేశాను. అత్త ఒక్కటే మిగిలింది. ఆస్పత్రి నుంచి ఆమె మెడకు తెల్లగుడ్డ కట్టుకుని ఇంటికొచ్చాక, ఒక ఆదివారం తోటకు వెళ్ళి ఇయర్‌ఫోన్లు తీశాను. ఒకటి ఆయనకు, ఒకటి నాకు.

"ఏమప్పా, మీరంతా చదువుకున్నోళ్ళేనా? రెండు ముక్కలు మాట్లాడల్లనంట, రెండు ముక్కలు! వారం పోతే నా గొంతు కోసేస్తారు. కండ్లు లేని మొగునికి నాలుగు మాటలు దాచిపెడదామని పొద్దున బస్సుకు వచ్చినా. నిన్నట్నుంచి నోరిప్పలే, తెలుసునా మీకు? కూడబెట్టుకోని వచ్చిన పొద్దంతా మీరే తినేస్తిరి. దండ ఎవురికేస్తారప్పా? సచ్చినోళ్ళకు. నేనింగా సావలే. తియ్యండి ఈ గుడ్డ, శానా ఉడకపోస్తాంది. లెయ్యండి! లెయ్యండి ఈడ్నుంచి!"

మామ మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. "లేస్తాండా లేవే, ఏమా అరుపు" అన్నాడు. అని, తనలో తనే నవ్వుకున్నాడు. ఈసారి ఎవరీయమ్మ అని అడగలేదు.

తర్వాత మైకు దగ్గరికి లాక్కున్న చప్పుడు. అత్త గొంతు ఒక్కసారిగా తగ్గింది. ఇంట్లో మాట్లాడే గొంతు అది.

"యోవ్, ఇంటాండావా?"

"ఇంటాండా" అన్నాడు మామ.

"నేను..." అంది అత్త. ఆ తర్వాత ఏదో అంది, ఒకే ఒక్క వాక్యం. దాని మీద, రెండో మైకులోంచి, సారు గొంతు. "ఈ కార్యక్రమాన్ని జయప్రదం చేసిన పెద్దలందరికీ పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు." దానితో అయిపోయింది.

"ఎవుడు వాడు?" అన్నాడు మామ. "ఆడ ఏమనింది మీ అత్త?"

నాకు తెలియదు. నేను తలుపవతల ఉన్నాను. ఆ ముక్కను ఎన్ని రకాలుగా శుభ్రం చేయించి చూశానో. మైకులు వేరైనా గది ఒకటే, రెండు గొంతులూ పాలూ నీళ్ళలా కలిసిపోయాయి. అత్తనే అడిగాను. పెదవులు ఆడించింది. నాకు తెలియలేదు. మళ్ళీ ఆడించింది. ఆమె బడికి పోలేదు, రాసి చూపించలేదు. మూడోసారికి విసుగొచ్చి నా చేతి మీద ఒక్కటి కొట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కొట్టిన చప్పుడు విని మామ అటు తిరిగాడు.

ఇప్పుడు నేను ఎప్పుడు వెళ్ళినా మామ అదే అడుగుతాడు. ఆ తిట్లన్నీ వింటాడు, నవ్వుతాడు, పిలిచిన చోట ఇంటాండా అంటాడు, ఆ తర్వాత మెడ ముందుకు చాచి ఊపిరి బిగబడతాడు. సారు వందన సమర్పణ చేస్తాడు. కాలేజీలో ఆ మనిషి ఎదురైతే నేను నమస్కారం పెట్టను. ఎందుకు పెట్టనో ఆయనకు తెలియదు, మంచి కార్యక్రమం చేశాననే అనుకుంటూ ఉంటాడు.

మొన్న కూడా అంతే. అత్త మామ పక్కనే కూర్చుని ఆయన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఉంది. రికార్డింగ్ అయిపోయింది. మామ ఇయర్‌ఫోన్‌ను చెవిలోకి ఇంకాస్త నొక్కుకున్నాడు.

"ఇంగోసారి పెట్టు పాపా" అన్నాడు. "ఈసారన్నా వాడు నోరు మూసుకుంటాడేమో సూద్దాం."

పెట్టాను.