చలిగది గోడ మీద చెయ్యి

చుక్కల మధ్య తిరిగే మా ఒమారా ఓడలో నీళ్ల పని చూసే నెస్రా గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నాకు కాస్త కష్టమే. పొద్దున దీపాలు వెలిగిన దగ్గర్నుంచి ఎవరో ఒకరి మీద విరుచుకుపడకపోతే ఆమెకు తోచేది కాదు. వంటింట్లో నేను గిన్నె రెండోసారి కడిగితే, తలుపు దగ్గర నిలబడి, ఆ నీళ్లు ఎవరి తాత తెచ్చిపెట్టాడని అడిగేది. నేనూ ఊరుకునేదాన్ని కాదనుకోండి.

ఆమె నాలాగే ఓడలో పుట్టింది. రేవుల్లో దిగింది బహు తక్కువ. నేల మీద గాలిని ఎవరూ కడగరనీ, అందరూ వదిలిన గాలినే అందరూ పీలుస్తారనీ ఆమెకు రోత. పెళ్లి చేసుకుంది. ఆయన కొన్నాళ్లుండి వేరే ఓడకు మారిపోయాడు. అతని గురించి ఆమె చెప్పిందల్లా, నీళ్లు ఎక్కువ వాడేవాడని. చిన్నప్పుడు వాల్వులో పడి నలిగిన ఎడమచేతి చిటికెన వేలు వంకరగా పక్కకి తిరిగి ఉండేది. ఆ వేలితోనే పైపులు తట్టి, లోపల ఎక్కడ అడ్డుపడిందో చెప్పేది. ఏనాడూ ఎవరినీ సాయం అడగలేదు.

కూరమడుల గది చూసే ఇల్కాకీ ఆమెకీ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఒకసారి నీటి కరువు వచ్చినప్పుడు నెస్రా ముందుగా చెప్పకుండా మడులకు నీళ్లు ఆపేసింది. ఇల్కా చిక్కుళ్లన్నీ మాడిపోయాయి. చెప్తే వినేదానివా అని నెస్రా వాదన. చెప్పి చూడాల్సింది కదా అని ఇల్కా వాదన. ఇద్దరిదీ న్యాయమే కాబట్టి ఎవరూ తీర్చలేకపోయాం.

అలాంటి నెస్రా ఓడ వేసిన ఒక దూకుడులో పోయింది. ఓడ ఒక చుక్క దగ్గర్నుంచి ఇంకో చుక్క దగ్గరికి దూకే వేళ ఇంజను గోడ వెనక ఎవరూ ఉండకూడదు. అక్కడ పైపు కారుతోందని ఆమె ఎవరికీ చెప్పకుండా దూరింది. దూకుడయ్యాక వెళ్లి చూస్తే పనిముట్ల సంచీ ఉంది, మనిషి లేదు. బూడిద కూడా మిగలకుండా కాలిపోయి ఉంటుందన్నాడు ఇంజను చూసే ఓరిన్. అందరం ఏడ్చాం. నేనూ ఏడ్చాను.

కానీ ఆమె పోలేదు. ఆ గోడ వెనకే నిలబడి ఉంది. ఎవరికీ కనిపించడం లేదు, ఎవరికీ అందడం లేదు, అరిస్తే వినబడడం లేదు. చెయ్యి మా ఒంట్లోంచి అవతలికి పోతోంది. నేల మాత్రం ఆమెను మోసింది. ఎందుకని ఓరిన్‌ని అడిగితే భోజనం చల్లారేదాకా చెప్తాడు. నాకు అర్థం కాలేదు, మీకూ కాదు. ఆకలి లేదు, దాహం లేదు. ఒంట్లో వేడి మాత్రం మిగిలింది. ఇంజను నెమ్మదించినప్పుడల్లా ఆ వేడీ తగ్గిపోతుండేదట. ఇంజను తిరిగినన్నాళ్లే తను ఉంటానని ఆమెకు అలా అర్థమైంది. రేవు చేరితే ఇంజను ఆపేస్తారు. ఆలోగా ఎవరో ఒకరికి తెలియాలి.

ఆమెకు దొరికిన చోటు నేను కూరలు దాచే చలిగది. అక్కడ గోడల నిండా మంచు పేరుకుని ఉంటుంది. చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడితే మంచు కరుగుతుంది. మర్నాడు నేను దుంపల కోసం వెళ్తే గోడ మీద అయిదు వేళ్లు, చిటికెన వేలు వంకర. ఎవరి చెయ్యో చూడగానే తెలిసింది. వెంటనే వెళ్లి ఇల్కాను పిలుచుకొచ్చాను.

ఓడవాళ్లకు ఇది కొత్త కాదు. ఓడలో గాలి అదే, నీళ్లు అవే. పోయినవాళ్లు పోవడానికి చోటు లేక ఎక్కడో ఒక దగ్గర పట్టుకుని వేలాడతారు. వాళ్ల గుర్తు ఎక్కడ కనబడినా తుడిచెయ్యాలి, అప్పుడే వాళ్లకు విడుదల. తుడవాల్సింది కూడా కావలసినవాళ్లు కాదు, మాటల్లేనివాళ్లు. పగ అక్కడితో తెగిపోవాలని. తుడిచేటప్పుడు పెదవి విప్పకూడదు, ఒట్టి చెయ్యి తగలకూడదు, గుడ్డతోనే తుడవాలి. రేవు వచ్చేదాకా రోజూ సాయంత్రం భోజనాల దగ్గర ఒక్కొక్కరూ పోయినవాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి. చెడ్డ మాట అనకూడదు.

ఇల్కా ఆ పని ఎంత శ్రద్ధగా చేసిందో చెప్పలేను. ఉతికిన గుడ్డ తెచ్చుకుని, తల దించుకుని, ఒక్క వేలి గుర్తు కూడా మిగలకుండా తుడిచేది. మర్నాడు మళ్లీ చెయ్యి కనబడేది. మళ్లీ తుడిచేది. అన్నేళ్ల పగ మరిచి ఎంత ఓపికగా చేస్తోందో చూడమని ఓడంతా ఇల్కాను మెచ్చుకుంది. ఆ మెచ్చుకోళ్లన్నీ నెస్రా పక్కన నిలబడి వింటూనే ఉంది. ఒక్కోసారి వెనకనుంచి వచ్చి మా మెడల మీద చెయ్యి పెట్టేదట. మెడ వెనక వెచ్చగా తగిలితే మేం మర్యాదగా పక్కకి జరిగి దారి ఇచ్చేవాళ్లం.

సాయంత్రాలు మంచి మాటలు సాగాయి. మెత్తని మనిషి అన్నారు ఒకరు. గొంతెత్తి ఎరగదన్నారు ఇంకొకరు. ఎవరు ఏమన్నా పడేదన్నాడు ఓరిన్, గారె తుంచుకుంటూ. నేను నా వంతుకి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేదన్నాను. ఏం చెప్పాలో తోచక అన్నాను.

రేవు కనబడిన రోజు మధ్యాహ్నం, ఇంజను ఆపే ముందు చివరిసారి తుడవడానికి ఇల్కా వచ్చింది. నేను పక్కన దుంపలు ఏరుతున్నాను. ఆ రోజు గోడ మీద ఒక చెయ్యి కాదు, తల ఎత్తు నుంచి నేల దాకా అన్నీ చేతులే. ఇల్కా ఒకటి తుడిచింది. రెండోది తుడుస్తుంటే మొదటిచోట మళ్లీ వేళ్లు తేలాయి. అది తుడిస్తే ఇది. గుడ్డ తడిసి గడ్డకట్టింది. ఇల్కా చేతులు నీలంగా అయిపోయాయి. చివరికి గుడ్డ విసిరి కొట్టింది.

"ఏమే, నీకు సిగ్గుందా? బతికుండగా నా మడులు ఎండగట్టావు, చచ్చి నా చేతులు కొరుకుతున్నావు. ఇన్నాళ్లూ నోరు కుట్టుకుని నీకు చాకిరీ చేస్తున్నాను, ఆ విశ్వాసమైనా ఉందా నీకు? పొగరుబోతు ముండా, ఏం కావాలో ఒక్కసారి నోరు తెరిచి అడిగి చావకూడదూ?"

అని ఎదురుగా ఉన్న చేతి గుర్తు మీద అరచేత్తో ఫెడీల్మని ఒక్కటి ఇచ్చింది. నేను దుంపలు వదిలేసి లేచాను. ఆచారం మొత్తం మట్టిలో కలిసింది. ఇల్కా మాత్రం కొట్టిన చెయ్యి తీయలేదు.

"తల్వా అక్కా, ఇలా రా" అంది గొంతు తగ్గించి. "చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంది. చచ్చినవాళ్లకి వేడి ఎక్కడిది?"

పెట్టి చూశాను. పొయ్యి మీంచి దించి కాసేపైన గిన్నెలా ఉంది. ఇన్నాళ్లూ మంచు కరుగుతోందని చూశాం గానీ, ఏది కరిగిస్తోందని ఒక్కరం అనుకోలేదు.

ఇల్కా ఓరిన్ దగ్గరికి పరుగెత్తింది. అతను మొదట నమ్మలేదు. చలిగదికి లాక్కొచ్చి గోడకు ఆనిస్తే నమ్మాడు, నమ్మాక కూచుండిపోయాడు. ఆమె ఎక్కడ మా మధ్యనుంచి జారిపోయిందో అదే చోట నిలబడి ఉండగా ఓడ ఇంకొకసారి చిన్నగా దూకితే తిరిగి రావచ్చన్నాడు. ఇంజను ఒకసారి ఆగిందంటే మాత్రం ఇక లేదన్నాడు. రేవువాళ్లు తాళ్లు సిద్ధం చేసి ఎదురుచూస్తున్నారు. వరస తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఓడ పెద్ద సమోరి అంతా విని, వాళ్లని ఆగమని చెప్పమంది.

ఇక ఆమెను ఆ చోటికి తీసుకెళ్లాలి. కనబడని మనిషి చెయ్యి పట్టుకుని నడిపించేదెలా? ఆమె వింటోందో లేదో కూడా మాకు తెలియదు. ఇల్కా ఆలోచించలేదు. తిడుతూ నడిచింది. చలిగది దగ్గర్నుంచి ఇంజను గోడ దాకా, వసారాలన్నీ మారుమోగేలా, చిక్కుళ్ల దగ్గర మొదలుపెట్టి, ఆమె నడక, ఆమె పైపులు, పారిపోయిన మొగుడు, ఒక్కటి వదలకుండా ఏకరువు పెట్టింది. దార్లో ఉన్నవాళ్లు తలుపులు తీసి చూశారు. గోడ వెనక్కి దూరి, సంచీ దొరికిన చోట ఆగి, "ఇక్కడే. కదిలావో, నేనే వచ్చి నీ కాళ్లు విరగ్గొడతా" అని, ఇవతలికి వచ్చి తలుపు మూసింది.

ఓడ దూకింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఓరిన్ తల వంచుకున్నాడు. ఇల్కా తలుపుకి చెవి ఆనించింది. అప్పుడు గోడ వెనకనుంచి, నా సంచీ ఎవడు తీశాడురా అని బొంగురుగా ఒక గొంతు వినబడింది. ఇల్కా అక్కడే చతికిలబడి ఏడ్చింది.

ఆ సాయంత్రం అందరం కలిసి భోజనానికి కూచున్నాం. నెస్రా దుప్పటి కప్పుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటోంది. ఓరిన్ మెల్లగా అడిగాడు, అన్నిటికన్నా కష్టమైంది ఏదని. చలా, ఒంటరిగా ఉండడమా అని.

నెస్రా నమలడం ఆపింది.

"రోజూ సాయంత్రం ఇక్కడే, మీ మధ్యనే కూచున్నాను. మెత్తని మనిషన్నారు. మాట పడేదన్నారు. నవ్వుతూ ఉండేదన్నారు. మొదట్లో కోపం వచ్చింది. తర్వాత, ఎవరో వేరే ఆవిడ పోయినట్టుంది, నేను ఈ ఓడలో ఎప్పుడూ లేనేమో అనిపించింది. ఇవాళ గోడంతా పెట్టి చూసి, ఇక చెయ్యి తీసేద్దామనుకున్నాను గోడ మీంచి. అంతలో ఇది నన్ను ముండా అంది." ఇల్కా వైపు చూసింది. "అప్పుడు తెలిసింది, నేనున్నానని."

ఆ పూట మేమెవ్వరం ఆమెను మెచ్చుకోలేదు.